ప్రూఫులో ఉన్న చుక్క

నాగరత్న గీసిన బొమ్మ చూసి పెట్టె చేసుకున్న మనిషి, ఆ పెట్టెను ముట్టుకుని చనిపోయాడు.

కబురు ప్రొద్దుటూరుకు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. అతని భార్యే వచ్చి చెప్పింది. మడకశిర దగ్గరి పల్లె నుంచి బస్సులు మారుతూ, తువ్వాలు చుట్టిన మూట ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

ముందు ఆ పత్రిక సంగతి చెప్పాలి. దస్తగిరి సార్ ఐ.టి.ఐ.లో రేడియో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని తమ చేత్తో ఏదో ఒకటి చేసుకోవాలనే పిచ్చి ఉన్నవాళ్ళ కోసం తెలుగులో ఒక మాసపత్రిక నడిపేవాడు. చిన్న రేడియో, తలుపు తీస్తే మోగే బెల్లు, ట్యాంకు నిండితే కూత పెట్టే పరికరం, ఇలాంటివి. ఏ భాగం కొనాలో, ఏ తీగ దేనికి కలపాలో బొమ్మతో సహా ఉండేది. కాలేజీ మొహం చూడనివాళ్ళు కూడా ఆ బొమ్మలు ముందు పెట్టుకుని పనులు చేసుకునేవారు. ఆయన ఇంటి ముందు గదే ఆఫీసు. వెనక గదిలో పనిబల్ల.

సర్క్యూట్లు సార్‌వి, బొమ్మలు నాగరత్నవి. ఆమె ఫిజిక్సుతో బి.ఎస్సీ. చదివి, ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఆయన దగ్గర చేరింది. ఉద్యోగం దొరికాక కూడా పోలేదు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు. గీయడం మాత్రం ఆయనకంటే ఆమెకే బాగా వచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బొమ్మలో ఒక తీగ ఇంకో తీగను దాటాల్సి వస్తే దానికి ఒక పద్ధతి ఉంది. రెండూ కలవాలంటే ఆ చోట నల్లచుక్క పెడతారు. కలవకూడదంటే చుక్క పెట్టరు. సార్ అంతటితో ఊరుకునేవాడు కాదు. కలవకూడని చోట పై గీతను చిన్న వంతెనలాగా ఎత్తి, కింది గీత మీదుగా దాటించేవాడు. నాగరత్నకు అది నచ్చేది కాదు.

“ఇవి గూని గీతలు సార్. ఇప్పుడు పుస్తకాలన్నిట్లో నేరుగానే గీస్తాండారు. చుక్క లేదంటే కలవలేదనే గదా.”

“గూని ఉంటే ఏమి పాపా? దానికి మనం పెండ్లి చేసేదుందా?”

“చూసేవాళ్ళు నవ్వుతారు.”

“చూసేది నువ్వు కాదు,” అన్నాడాయన.

ఆ మాటను ఆమె, తన వాదన ఒప్పుకోవడం కిందే లెక్కేసుకుంది. నేరుగా గీయడం మొదలుపెట్టింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బొమ్మలు నిజంగానే అందంగా వచ్చాయి. పాఠకులు మెచ్చుకుంటూ కార్డులు రాసేవారు. సార్ ఆ కార్డులన్నీ ఆమెకే ఇచ్చేసేవాడు.

మూటతో వచ్చిన అమ్మాయి పేరు హనుమక్క. గడప బయటే నిలబడి, లోపల ఉన్న ఇద్దరిలో ఎవరితో మాట్లాడాలో తేల్చుకోలేక కాసేపు చూసింది. తర్వాత మూట విప్పి బల్ల మీద పెట్టింది. అందులో రేకు బిస్కెట్ డబ్బా ఉంది. మూతకు ఒక చిన్న స్విచ్చి, ఒక మీట, ఒక దీపం బిగించి ఉన్నాయి. పక్కన మడతలు పడ్డ పత్రిక పెట్టింది. పోయిన నెలది.

“ఈ బొమ్మ చూసి చేసినాడు సార్, మా ఆయన. తిప్పేస్వామి.”

అది పట్టుపురుగుల షెడ్డు కోసం సార్ తయారు చేసిన సర్క్యూటు. పురుగులకు చలి పనికిరాదు. గదిలో చలి పెరిగితే హీటరు తనంతట తాను వెలగాలి, వేడి చాలగానే ఆరిపోవాలి. ఆ పని చూసుకునే పెట్టె ఇది.

“పొద్దున్నే ప్లగ్గు పెట్టి, మూత సర్దబోయినాడు. షెడ్డులో నేల తడిపినాము, పురుగులకని. నేను ఆకు కోసుకోని వచ్చేలోగానే అయిపోయింది.”

ఆమె ఏడవలేదు. ఆ కథ చాలామందికి చెప్పి చెప్పి మాటలు అరిగిపోయినట్టు చెప్పింది.

సార్ ఆమెను కూర్చోమన్నాడు. లోపలి నుంచి నీళ్ళు తెప్పించాడు. తర్వాత స్క్రూడ్రైవరుతో మూత విప్పి, డబ్బాను కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు. నాగరత్న ఆయన భుజం మీంచి తొంగి చూసింది. లోపల పని శుభ్రంగా ఉంది. ప్రతి అతుకూ గుండ్రంగా, మెరుస్తూ ఉంది. తీగలు వరసగా పడుకోబెట్టి దారంతో కట్టి ఉన్నాయి. రేకు కోసిన చోట, చెయ్యి తెగకుండా అంచులన్నీ ఆకురాయితో అరగదీసి ఉన్నాయి.

“పని ఎక్కడ నేర్చుకున్నాడమ్మా?”

“యాడా ల్యా సార్. మీ పుస్తకంలోనే.”

సార్ వేలు ఒక చోట ఆగింది. గోడలోంచి కరెంటు తెచ్చే తీగ నుంచి పొట్టి తీగ ఒకటి బయల్దేరి, డబ్బా రేకుకే వచ్చి అతుక్కుంది. ఆ అతుకు కూడా మిగతావాటి మాదిరే చక్కగా ఉంది.

ఆయన పత్రిక తెరిచాడు. బొమ్మలో ఎడమపక్క పైన, కరెంటు గీత, పెట్టె రేకుకు గుర్తుగా గీసిన గీతను అడ్డంగా దాటిపోతోంది. దాటే చోట నల్లచుక్క ఉంది.

“అసలు బొమ్మ తే పాపా. ప్రూఫు కూడా.”

నాగరత్న బీరువాలోంచి రెండూ తెచ్చింది. ఆమె గీసిన బొమ్మలో ఆ చోట చుక్క లేదు. రెండు గీతలు నేరుగా ఒకదాన్నొకటి దాటాయి, అంతే. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత ప్రెస్సు నుంచి సరిచూడడానికి వచ్చిన ప్రూఫు విప్పింది. అందులో చుక్క ఉంది. అచ్చు ప్లేటు మీద ఏ నలుసో పడి, గీతలు దాటే చోటే సరిగ్గా అచ్చయింది. ప్రూఫు కింద ‘సరిగా ఉంది’ అని ఆమె చేతిరాత. దాని కింద ఆమె సంతకం, పక్కన సార్ సంతకం.

సంతకం పెట్టిన రోజు ఇద్దరి చూపూ ఆ చుక్క మీదుగానే పోయింది. ఇద్దరికీ కనబడలేదు. అక్కడ చుక్క ఉండదని ఇద్దరికీ తెలుసు మరి.

హనుమక్క ఆ కాగితాలకేసి చూడలేదు. వాళ్ళ మొహాలు చూస్తూ ఉంది.

“నాకు ఒకటే తెలియాల సార్. మా ఆయన తప్పు చేసినాడా, చేయలేదా?”

సార్ ప్రూఫు మడిచి బల్ల మీద పెట్టాడు.

“పోలీసోళ్ళు రాసుకుని పోయినారు, చేతగాని పని చేసి చచ్చినాడని. ఊర్లో అందరూ అదే అంటాండారు. మా మామయితే తిక్కోడు, తిక్కపని చేసి పోయినాడు అంటాడు. నాకు పాప ఉంది సార్. రేపు పెద్దదై అడుగుతాది, మా నాయన ఎట్ల పోయినాడని. తిక్కోడై పోయినాడని చెప్పల్నా?”

“చెప్తామమ్మా,” అన్నాడు సార్. “ముందు ఇంకొకరి చెయ్యి పడకుండా చూద్దాం. ఇదే పేజీ ముందు పెట్టుకుని ఇప్పుడు ఎవరైనా అతుకులు పెడతా ఉంటారు.”

అంగళ్ళలో మిగిలిన ప్రతులు వెనక్కి తెప్పించమని ప్రెస్సుకు కబురు పంపాడు. పోస్టాఫీసు నుంచి కార్డుల కట్టలు తెప్పించాడు. చందాదారులందరికీ ఒకే మాట రాయాలి: ఆ పేజీలో ఎడమపక్క పైన ఉన్న చుక్క తప్పు. అక్కడ కలపవద్దు. కలిపి ఉంటే ప్లగ్గు పెట్టవద్దు.

సార్, నాగరత్న చెరో కట్టా తీసుకుని కూర్చున్నారు. హనుమక్క కాసేపు చూసి చెయ్యి చాపింది.

“నాకూ రాసేది వచ్చు సార్. ఏడు దాకా చదివినా.”

సార్ ఏదో అనబోయి, పెన్ను ఇచ్చాడు.

ఆమె అక్షరాలు పెద్దవి, గుండ్రటివి. గీసినట్టు నిదానంగా రాసింది. ‘కలిపి ఉంటే’ దగ్గరికి వచ్చినప్పుడల్లా కలం కొంచెం ఆగేది. మళ్ళీ కదిలేది. ఆ మధ్యాహ్నం ముగ్గురూ అన్నం తినే ధ్యాసలో లేరు. ఆఖరి కట్ట పోస్టుకు పోయేసరికి పొద్దు వాలింది. మడకశిరకు ఆ పూట బస్సు లేదు. సార్ ఇంటావిడ హనుమక్కను రాత్రికి తమ ఇంట్లోనే ఉండమంది.

సార్ నమాజుకు లోపలికి పోయినప్పుడు, వసారాలో ఇద్దరు ఆడవాళ్ళే మిగిలారు.

“అక్కా, సార్ జవాబు చెప్పలేదు,” అంది హనుమక్క. “నువ్వు చెప్పు.”

నాగరత్న చేతులకంటిన సిరా చూసుకుంది. “అది ముద్రాదోషం. ప్రెస్సులో ఏదో మరక పడి చుక్కలాగా అచ్చయింది. నేను గీసినదాంట్లో లేదు.”

“మరి మా ఆయన?”

“ఆయన అచ్చులో ఉన్నట్టే చేసినాడు. కానీ…”

“కానీ ఏంది?”

“కరెంటు తీగను తీసుకపోయి డబ్బా రేకుకు కలపకూడదు గదా. కొంచెం తెలిసినవాళ్ళయితే అక్కడ ఆగి ఉంటారు.”

హనుమక్క తల ఊపింది. ఆ మాటను లోపల ఎక్కడో పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంది.

“అంటే తెలీక చేసినాడు.”

నాగరత్న అవునని తల ఊపింది.

“మా మామ అనేదే నిజమన్న మాట.”

నాగరత్న ఇంటికి పోవడానికి లేచింది. చెప్పులు వేసుకుంటూ తలెత్తితే, తలుపు దగ్గర సార్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు.

“పొద్దున్నే రా పాపా,” అన్నాడు. అంతే అన్నాడు.

పొద్దున ఆమె వచ్చేసరికి పనిబల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఖాళీ బిస్కెట్ డబ్బా, భాగాలు, తీగచుట్ట, వేడెక్కుతున్న సోల్డరింగ్ కడ్డీ. మధ్యలో పోయిన నెల పత్రిక తెరిచి, గాలికి లేవకుండా కటింగ్ ప్లేరు బరువు పెట్టి ఉంది.

“ఇది చూసి చెయ్యి,” అన్నాడు సార్.

“ఎందుకు సార్?”

“చెయ్యి.”

ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మొదలుపెట్టింది. చేతికి అలవాటైన పనే. రేకుకు రంధ్రాలు చేసింది, స్విచ్చి బిగించింది, ఒక్కో భాగాన్ని అతికింది. వంటింట్లోంచి హనుమక్క గొంతు, సార్ ఇంటావిడ గొంతు లీలగా వినబడుతున్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు.

పని అయిపోయాక నాగరత్న డబ్బాను ఆయన ముందుకు జరిపింది.

ఆయన పత్రికను, డబ్బాను పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో గీత వెంబడి పోయాడు. చుక్క దగ్గర వేలు ఆపాడు.

“ఇది కలపలేదే.”

“అది తప్పు గదా సార్.”

“అని బొమ్మలో ఉందా?”

“లేదు.”

“మరి నీకు ఎవరు చెప్పినారు?”

“నాకు తెలుసు.”

“బొమ్మ చూసి చెయ్యమన్నా,” అన్నాడు సార్. “నీకు తెలిసింది చూసి కాదు. కలుపు.”

ఆమె కడ్డీ తీసుకుంది. ఆ పొట్టి తీగ ముక్క కత్తిరించి, ఒక కొస కరెంటు తీగకు పెట్టింది. రెండో కొస రేకుకు ఆనించాక చెయ్యి ఆగిపోయింది. సార్ చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతికింది. అతుకు బాగా రాలేదు. బొడిపె కట్టింది. ఎప్పుడూ అట్లా రాదు ఆమె చేతికి.

“మళ్ళీ పెట్టు. అతను బాగా పెట్టినాడు.”

మళ్ళీ పెట్టింది. ఈసారి గుండ్రంగా వచ్చింది.

సార్ లేచి, మూత బిగించి, ప్లగ్గు గోడకు పెట్టాడు. చెప్పులు విడిచి పక్కకు తోశాడు. కుండలోంచి చెంబుతో నీళ్ళు తీసి, తన కాళ్ళ కింద బండ మీద పోశాడు. టెస్టరు కొన డబ్బాకు ఆనించాడు. టెస్టరులో ఎర్రటి వెలుగు వచ్చింది. దాన్ని చూసి, టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. మూత సర్దబోయేవాడిలాగా చెయ్యి ముందుకు చాపాడు.

ఆయన తమాషాకు చాపలేదు. అది నాగరత్నకు ఆయన మొహంలో కనబడింది.

ఆమె ఒక చేత్తో ఆయన మోచెయ్యి పైన ఫెడీమని కొట్టి, రెండో చేత్తో ప్లగ్గు లాగేసింది. స్టూలు పడిపోయింది. వంటింట్లో మాటలు ఆగిపోయాయి.

ప్లగ్గు ఆమె చేతిలోనే ఉంది. “మీకు పిచ్చి పట్టిందా సార్,” అంది. ఆయనతో ఆమె అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

సార్ మోచెయ్యి రుద్దుకుంటూ నిలబడ్డాడు. ముసలి చెయ్యి, దెబ్బకు అప్పుడే ఎర్రబడింది.

“నాకు అడ్డం నువ్వు వస్తివి,” అన్నాడు మెల్లగా. “ఆ పిల్లోనికి?”

నాగరత్న బల్ల మీది పేజీకేసి చూసింది. తను గీసిన గీతలు సన్నగా, నేరుగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి. అక్కడ గూని గీత ఉండి ఉంటే, నలుసు పడినా ఎవరూ కలిపేవారు కాదు.

“నేను కూడా సంతకం పెట్టినా పాపా,” అన్నాడు సార్. “వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. నేను వాని మొహం కూడా చూడలేదు.”

వంగి స్టూలు నిలబెట్టాడు. గుడ్డ తెచ్చి, బండ మీది నీళ్ళు తానే తుడవసాగాడు. ఆమె గుడ్డ అందుకోబోతే ఇవ్వలేదు.

“ఆ అమ్మాయి బస్సు ఎక్కలేదు ఇంకా,” అన్నాడు తలెత్తకుండా.

హనుమక్క పెరట్లో బావి గట్టు దగ్గర, డబ్బాకు తువ్వాలు ముడి వేస్తూ ఉంది. నాగరత్న ఎదురుగా పోయి నిలబడింది. చెప్పాల్సిన మాట చిన్నదే. దాన్ని మెత్తగా చెప్పే దారి ఏదైనా ఉందేమోనని చూసింది. లేదు.

“నిన్న నేను చెప్పింది తప్పు. మీ ఆయన సరిగ్గా చేసినాడు. బొమ్మే తప్పు. అది గీసింది నేను, అచ్చుకు ముందు చూసి బాగుందని సంతకం పెట్టింది నేను. తెలిసినవాళ్ళయితే ఆగి ఉంటారన్నానే, తెలిసినదాన్ని నేనే ఆగలేదు.”

హనుమక్క ముడి బిగించింది. కోపం వస్తుందేమోనని నాగరత్న చూసింది. కోపం వస్తే బాగుండునని కూడా అనుకుంది. రాలేదు.

“నాకు చెప్తే ఏం వస్తాదక్కా,” అంది హనుమక్క. “నేను ఎన్నడూ అనుకోలేదు ఆయన తప్పు చేసినాడని. ఒక తీగ పెట్టాలంటే పది తూర్లు చూసేటోడు. చెప్పేదుంటే ఊర్లో చెప్పు.”

నాగరత్న చేతిసంచిలో పత్రిక, అసలు బొమ్మ, ప్రూఫు పెట్టుకుంది. చుక్క లేని ఆ అసలు బొమ్మను మళ్ళీ తీసి బీరువాలో పెట్టేసింది. కదిరి మీదుగా పోయే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కదిరిలో హనుమక్క బొరుగులు కొని, పొట్లం మధ్యలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

పల్లెలో వాళ్ళ ఇల్లు ఊరి చివర. ఇంటికంటే షెడ్డే పెద్దది. లోపల తట్టలన్నీ ఖాళీగా, ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. పురుగుల్ని చూసుకునే మనిషి లేక ఆ పంట పోయింది. గోడకు స్విచ్చి బోర్డు ఉన్న చోట బోర్డు పీకేసి ఉంది. రెండు తీగలు గుడ్డపీలికలు చుట్టుకుని వేలాడుతున్నాయి.

తిప్పేస్వామి తండ్రి ఈరప్ప అరుగు మీద ఉన్నాడు. ఆయనతో ఇంకో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. పట్నం మనిషిని చూసి లేవబోయాడు.

“ఆ పుస్తకం వాళ్ళు మామా,” అంది హనుమక్క. చెప్పి పక్కకు జరిగింది.

“మీరేం చేస్తారులే తల్లీ, పాపం,” అన్నాడు ఈరప్ప. “మీరు వేసేది చదువుకున్నోళ్ళ కోసం. వీడు తెలిసీ తెలియకుండా దూరినాడు. చెప్తే వినల్యా. ఈ తిక్కపనులు మనకేలరా అని నెత్తీ నోరు కొట్టుకున్నా.”

పక్కనున్నాయన చుట్ట తీసి, “వానికి చిన్నప్పటి నుంచి అంతే,” అన్నాడు.

నాగరత్న అరుగు కింద నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆయన తప్పు చేయలేదు. పుస్తకంలో ఎట్లుందో అట్ల చేసినాడు. పుస్తకంలో ఉండేదే తప్పు.”

“అచ్చు తప్పా?”

బస్సులో అంతసేపూ ఆమె భయపడింది ఈ ప్రశ్నకే. అవునంటే అబద్ధం కాదు.

“బొమ్మ తప్పు. గీసింది నేను. ఇదిగో, చూసినానని నా సంతకం.”

ముసలివాళ్ళు ప్రూఫు చేతులు మార్చుకుంటూ చూశారు. వాళ్ళలో ఎవరికీ ఆ గీతలు అర్థం కావు. సంతకం మాత్రం అందరికీ అర్థమైంది. చుట్ట తీసినాయన దాన్ని వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“నువ్వు చదువుకున్నావా తల్లీ?” అన్నాడు ఈరప్ప.

“చదువుకున్నా.”

“వాడు సరిగ్గా చేసినాడా?”

“సరిగ్గా చేసినాడు.”

“మరి ఏల చచ్చిపాయ?”

“నేను తప్పు గీసినందుకు.”

ఈరప్ప కోడలి చంకలోంచి మూట అందుకున్నాడు. ముడి విప్పి డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని ముట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి. మూత ఎట్లా తీయాలో తెలియక తిప్పుతూ ఉంటే, నాగరత్న పైకి వచ్చి స్క్రూలు విప్పి తీసింది. ఆయన లోపలికి తొంగి చూశాడు. మెరిసే అతుకుల మీద బొటనవేలు నిదానంగా పోనిచ్చాడు.

“ఇవన్నీ బాగుండాయా?”

“బాగుండాయి. నాకంటే బాగా పెట్టినాడు.”

షెడ్డు వెనక ఎక్కడో చిన్నపిల్ల ఎవర్నో పిలుస్తూ ఉంది. హనుమక్క అటు కదలలేదు. మామనే చూస్తూ ఉంది.

“నేను తిట్టినా వాన్ని,” అన్నాడు ఈరప్ప చివరికి. “పాడె మీద పండుకోబెట్టినాక కూడా తిట్టినా. ఊరంతా వింటాండింది.”

పక్కనున్నాయన తల దించుకున్నాడు.

ఆయన డబ్బా మూత తనే పెట్టాడు. దాన్ని ఒళ్ళోంచి దించకుండా, “పాపను పిల్చుకోని రా,” అన్నాడు కోడలితో.

నాగరత్నకు ఎవరూ వెళ్ళమని చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. హనుమక్క చెంబుతో నీళ్ళిచ్చింది. నాగరత్న తాగి, చెంబు అరుగు మీద పెట్టి, రోడ్డుకేసి నడిచింది.

తర్వాతి సంచికలో సవరణ వెయ్యాలి. ప్రెస్సు యజమాని మంచివాడు. నిజం దాచుకోలేదు. తనే ఆఫీసుకు వచ్చాడు.

“చుక్క మా ప్లేటుది నాగరత్నా. నాలుగూళ్ళకు తెలిసిన ప్రెస్సు మాది, ఒక్క మాటకు మునిగిపోదు. ముద్రాదోషం అని వేసెయ్యి. నువ్వేల మోస్తావు?”

“చుక్క మీది. సంతకం నాది, అన్నా,” అంది ఆమె.

ఆమె రాసింది ఇంతే: ‘పోయిన నెల పట్టుపురుగుల షెడ్డు బొమ్మలో ప్రాణం తీసే తప్పు ఉంది. గీసిందీ, ప్రూఫు చూసి సరిగా ఉందని రాసిందీ నేను. ఆ బొమ్మను నమ్మి, ఉన్నది ఉన్నట్టు చేసి, మడకశిర దగ్గర తిప్పేస్వామి గారు చనిపోయారు. ఆయన పనిలో తప్పు లేదు. నాగరత్న.’

సార్ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఒక్క అక్షరం మార్చలేదు. ఆమె పేరు పక్కన తన పేరు రాసి, ప్రెస్సుకు పంపమన్నాడు.

ఆ నెల చందాలు మానుకున్నవాళ్ళు ఉన్నారు. తిడుతూ రాసినవాళ్ళూ ఉన్నారు. ఆ కార్డులు కూడా సార్ ఆమెకే ఇచ్చాడు. ఆమె చదివింది.

పత్రిక ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. సార్ పోయాక కూడా ఆమె నడిపింది. తప్పులు పడకుండా పోలేదు. కొన్ని ఆమెవి, కొన్ని ప్రెస్సువి, కొన్ని ఎవరివో తేలనివి. తప్పు పడిన ప్రతిసారీ సవరణ వేసింది, ప్రతి సవరణ కిందా తన పేరే వేసింది. ముద్రాదోషం అన్న మాట మళ్ళీ రాయలేదు. తెలిసినవాళ్ళయితే ఆగి ఉంటారన్న మాట మళ్ళీ ఎవరి గురించీ అనలేదు.